ఒక మాటకు ఒకటే అర్థం

"సాఫ్ట్‌వేర్‌లో మీరు ఏం చేసేవారండీ?" అని అడిగినవాళ్లకు నిజం చెప్పగానే ముఖంలో ఉత్సాహం తగ్గిపోయేది. నేను ప్రోగ్రాములు రాయలేదు. యంత్రంతో పాటు అట్టపెట్టెలో ఒక పుస్తకం వస్తుంది చూడండి, ఎవరూ విప్పకుండా సొరుగులో పడేసేది, అది రాశాను. యంత్రం కీచుమన్నప్పుడు తెర మీద రెండు వాక్యాలు కనిపిస్తాయే, అవీ రాశాను. మాదాపూర్‌లో ఒక కంపెనీలో, ఎక్కువ కాలం ఆసుపత్రి యంత్రాలకు. దీన్ని టెక్నికల్ రైటింగ్ అంటారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. "ఇంగ్లీషు బాగా రావాలా మేడం?" రావాలి. కానీ బాగా రావడమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

అంతకుముందు నేను కూకట్‌పల్లిలో ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. అక్కడ మంచి ఇంగ్లీషంటే పెద్ద మాటలు, పొడుగు వాక్యాలు. 'స్టార్ట్' అని రాసిన పిల్ల కంటే 'కమెన్స్' అని రాసిన పిల్లకు ఒక మార్కు ఎక్కువ వేసేదాన్ని. కంపెనీలో చేరాక అదే 'కమెన్స్'ని కొట్టేసి 'స్టార్ట్' అని రాయడానికి నాకు జీతం ఇచ్చారు. నవ్వుకోవడానికి కొంతకాలం పట్టింది. మా పుస్తకాలు చదివేవాళ్లలో ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడేవాళ్లు తక్కువ. వాళ్లు చదివేది కుర్చీలో కూర్చుని కాదు. ఒక చేత్తో రోగిని పట్టుకుని, రెండో చేత్తో పేజీ తిప్పుతూ.

చంద్రశేఖర్ గారి సంస్కరణ

మా మేనేజరు చంద్రశేఖర్ గారు పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి. మంచి ఇంజనీరు. ఇంగ్లీషు స్పెల్లింగ్ అంటే మాత్రం ఆయనకు తీరని కోపం. చిన్నప్పుడు బడిలో 'నైఫ్' అన్న మాటను ముందున్న కే లేకుండా రాసినందుకు చెయ్యి వాచేట్టు కొట్టారట.

"తెలుగుల ఎట్ల పలుకుతమో అట్ల రాస్తం. గీ ఇంగ్లీషుకేం రోగమొచ్చింది?" అనేవారు బోర్డు మీద through అని రాసి. "గీ వెనక రెండక్షరాలు ఏం పని చేస్తున్నయో జర చెప్పుండ్రి. ఊకే కూసొని తింటున్నయి."

"మనం మాత్రం? జ్ఞానం అని రాసి గ్యానం అనడం లేదాండీ?" అన్నాను ఒకసారి.

"మీతోని ఇదే పరేషాన్, వసుంధర గారు" అని ఆయన నవ్వేశారు.

నవ్వి ఊరుకోలేదు. మాలో మేము రాసుకునే నోట్సుల్లో ఇకమీదట స్పెల్లింగ్ సంస్కరణ అమలు చేద్దామన్నారు. through బదులు thru, enough బదులు enuf. టీమంతా హుషారుగా మొదలుపెట్టింది. టైపు చేయడం తేలికైంది. బాస్ అన్నవాడు స్వయంగా తప్పు రాయమంటే ఎవరికి చేదు?

కొన్నాళ్లకు ఒక enuf మా నోట్సు దాటి, క్లయింటుకు వెళ్లే చిత్తుప్రతిలోకి జారింది. క్లయింటు ఒక చలిదేశపు కంపెనీ, ఆసుపత్రి యంత్రాలు తయారుచేసేది. వాళ్ల తరఫున మాతో మాట్లాడే పీటర్ చాలా మర్యాదగా ఒక మెయిల్ పెట్టాడు. మీ దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు ఉన్నారా అని. చంద్రశేఖర్ గారు ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు.

పరువు సంగతి అలా ఉంచితే అసలు చిక్కు వేరే చోట వచ్చింది. మందు గొట్టం క్లిప్పులోంచి ఎలా వెళ్లాలో చెప్పే ఒక హెచ్చరికను అన్ని పుస్తకాల్లోనూ మార్చవలసి వచ్చింది. కంప్యూటర్లో through అని వెతికాం. దొరికినవన్నీ మార్చాం. నోట్సుల నుంచి పుస్తకాల్లోకి జారిన thru మాత్రం దానికి కనపడలేదు, ఆ చోట్ల పాత హెచ్చరికే ఉండిపోయింది. ఎవరో అనుమానంతో చూడబట్టి బయటపడింది. ఆ తర్వాత అందరం కూర్చుని అన్ని పుస్తకాలూ కళ్లతో వెతికాం.

స్పెల్లింగ్ ఒక ఆఫీసు సొత్తు కాదు. రోడ్డుకు ఎడమవైపు బండి నడపడం లాంటిది. ఊరంతా ఎడమవైపు పోతుంటే ఒక్కడు కుడివైపు పోతే అది సంస్కరణ కాదు, యాక్సిడెంటు. కానీ చంద్రశేఖర్ గారి బాధ అబద్ధమని నేను ఎప్పుడూ అనుకోలేదు. చదివేవాడికి ఆ స్పెల్లింగులు అడ్డం పడుతున్న మాట నిజం. ఆయనకు అదే చెప్పాను. "స్పెల్లింగ్ మార్చడం మన చేతుల్లో లేదండీ. మాటను ఎంచుకోవడం మన చేతుల్లో ఉంది. ఇబ్బంది పెట్టే మాట ఉన్నచోట ఇబ్బంది పెట్టని మాట వేద్దాం."

ఆయన బోర్డు వైపు తిరిగారు. "అంటే గోడ పగలగొట్టుడు కాదు, తలుపు చూస్కొని పోవుడంటరు."

"అంతేనండీ."

"మంచిది. తలుపులు మీరు చూడుండ్రి."

పొరపాటు చేసినప్పుడు దాన్ని కింద ఉద్యోగి నెత్తిన రుద్దని బాసులు తక్కువ. ఆయన పీటర్‌కు, తప్పు నాదేనని తన పేరుతోనే రాశారు. అలాంటి మనిషి కింద పని దొరికితే వదులుకోకండి.

తీగకు గాయం

ఆ తర్వాత వచ్చిన యంత్రం ఒక చిన్న పంపు. సీసాలోని మందును గొట్టం గుండా, కొలిచినట్టు కొంచెం కొంచెంగా నరంలోకి పంపుతుంది. దాని పుస్తకం మొదట పీటర్ దగ్గరి ఇంజనీర్లు రాశారు. వాళ్ల సొంత భాషే ఇంగ్లీషు. మేము దాన్ని సర్ది, బొమ్మలు పెట్టి, అచ్చుకు సిద్ధం చేయాలి.

మా కాలనీలో పక్క ఫ్లాటులో సుజాత అని నర్సు ఉండేది. గుంటూరు వైపు అమ్మాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లేది. ఈ పంపు వాడేది సుజాతలాంటి వాళ్లే కదా, అచ్చుకు ముందు వాళ్లచేత చదివిస్తే ఏం పోయిందనిపించింది. చంద్రశేఖర్ గారిని అడిగాను. ఆయన క్లయింటు నుంచి అనుమతి తెప్పించి, "ఛాయ్ తాగిపిచ్చి పంపుండ్రి, గంతే" అన్నారు. నర్సులు పెద్దగా ఏమీ చెప్పరని ఆయన ధీమా.

ఒక శనివారం మధ్యాహ్నం సుజాత ఇద్దరు స్నేహితురాళ్లను తీసుకుని మా ఆఫీసుకు వచ్చింది. బల్ల మీద పంపు, మందు బదులు నీళ్లు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, పుస్తకంలో ఉన్నట్టు చేయమన్నాం.

మొదటి పేజీలోనే సుజాత ఆగిపోయింది.

"అక్కా, ఇదేంటి? 'కీప్ ది లెడ్ ఊండ్' అంట. సీసం గాయమా?"

నేను వంగి చూశాను. Keep the lead wound. వాడనప్పుడు తీగను చుట్టి ఉంచమని దాని భావం. lead అని రాస్తే తీగ అయితే లీడ్, లోహం అయితే లెడ్. wound అని రాస్తే చుట్టినది అయితే వౌండ్, గాయం అయితే ఊండ్. రోజూ గాయాలు కట్టే మనిషికి ఆ అక్షరాలు చూస్తే గాయమే కనిపిస్తుంది. ఇంకేం కనిపిస్తుంది? అందరం పడీ పడీ నవ్వాం.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గొట్టంలో, హోల్డర్ అనే చిన్న డబ్బీలో ఒక ఫిల్టర్ ఉంటుంది. 'ఆఫ్టర్ యు క్లీన్ ది హోల్డర్, రీప్లేస్ ది ఫిల్టర్' అని ఉంది. సుజాత పాతది పారేసి కొత్తది వేసింది. మిగతా ఇద్దరూ తీసిన పాత ఫిల్టర్‌నే తిరిగి పెట్టారు. ఇద్దరిదీ తప్పు కాదు. రీప్లేస్ అంటే కొత్తది వేయడమూ అవుతుంది, తీసినదాన్ని తీసినచోటే పెట్టడమూ అవుతుంది. పాతది మూసుకుపోతే రోగికి మందు తక్కువ వెళ్తుంది.

తర్వాత అలారం. ఏదైనా అడ్డు వచ్చి పంపు ఆగిపోతే అది మోగుతుంది. 'ప్రెస్ ది గ్రీన్ బటన్ వన్స్ ది అలారం స్టాప్స్.' అలారం ఆగాక బటన్ నొక్కమని రాసినవాళ్ల ఉద్దేశం. ఒక్కసారి నొక్కితే ఆగుతుందనుకుని సుజాత మోగుతుండగానే నొక్కింది. వన్స్ అంటే ఒక్కసారి అని కూడా కదా. పంపు మళ్లీ నడవడం మొదలుపెట్టింది, అసలు ఎందుకు ఆగిందో తేలకుండానే.

సుజాత చటుక్కున పంపు ఆపేసింది. "అక్కా, నిజంగా వార్డులో అయితే?"

"ఇది నీ తప్పు కాదమ్మా."

"తప్పు ఎవరిదైతే ఏంటక్కా? మంచం మీద ఉన్నాయనకి తేడా ఏముంది?"

ఆ రెండు వాక్యాల కిందా ఎర్రగీత గీశాను.

చెప్పాలా, ఊరుకోవాలా

సోమవారం ఉదయం ఇదంతా చంద్రశేఖర్ గారి ముందు పెట్టాను. పుస్తకం అచ్చుకు వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"మొన్ననే మన ఇజ్జత్ పోయింది. ఇప్పుడు పోయి, మీ ఇంగ్లీషు సాఫ్‌గ లేదని ఇంగ్లీషోళ్లకే చెప్తమా? పని పట్కపోయి ఇంకోళ్లకిస్తరు. టీమంతా ఏమైతది?"

ఆ భయం ఉత్తది కాదు. మా టీములో సగంమంది హాస్టళ్లలో ఉంటూ ఇంటికి డబ్బు పంపే పిల్లలు. ఈ ఒక్క క్లయింటు మీదే మా పని నడుస్తోంది. నాకూ ఆ రోజు ధైర్యం పొంగిపొర్లలేదు. కానీ ఆసుపత్రిలో మందు తక్కువ వెళ్లిన మనిషిని ఊహించుకున్నాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"మీరు చెప్పొద్దండీ, నేను చెప్తాను. మాట వస్తే నా ఒక్కదాని మీదే వస్తుంది" అన్నాను.

ఆయన లేచి గది తలుపు వేశారు. "అట్లెట్ల? చెప్తే ఇద్దరం చెప్దాం. కాల్ పెట్టుండ్రి."

పీటర్ తెర మీదికి వచ్చాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను ఓపిగ్గా విని, మా నర్సులకు ఈ వాక్యాలతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదే అన్నాడు. మీ వాళ్లకు ఇంగ్లీషు రాదు అన్న మాట పైకి అనలేదు.

"మీ నర్సులు ఈ పుస్తకం చదివారా? లేక చదివింది మీరేనా?" అని అడిగాను.

పీటర్ తన ముందున్న పుస్తకం తిప్పి చూశాడు. పక్కన చంద్రశేఖర్ గారు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. చివరకు పీటర్, "నేనే చదివాను" అన్నాడు. "మీ ఊరి ఆసుపత్రిలోనే ఇద్దరు ముగ్గురికి ఇచ్చి చూడండి. వాళ్లు సరిగ్గా చేస్తే నేను ఇంకొక మాట మాట్లాడను" అన్నాను.

ఆ తర్వాతి రోజులు బాగా నడిచాయని చెప్పను. మెట్రోలో ఎవరి ఫోను మోగినా ఉలిక్కిపడేదాన్ని. చంద్రశేఖర్ గారు మాత్రం ఎప్పటిలాగే టీముతో జోకులు వేశారు. నాతో ఒక్కసారి కూడా "నేను చెప్పలేదా" అనలేదు.

జవాబు మెయిల్లో రాలేదు. పీటర్ స్వయంగా ఫోన్ చేశాడు. వాళ్ల ఊరి నర్సుల్లోనూ కొందరు పాత ఫిల్టర్‌నే తిరిగి పెట్టారట. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు మాట్లాడుతున్నవాళ్లు. ఒకావిడ అలారం మోగుతుండగానే బటన్ నొక్కిందట. "అచ్చు ఆపించాను" అన్నాడు. తర్వాత కాస్త తగ్గిన గొంతుతో, మిగతా యంత్రాల పుస్తకాలు కూడా మీరు ఇలాగే చూసిపెట్టగలరా అని అడిగాడు.

పని పోలేదు, పెరిగింది. చంద్రశేఖర్ గారు టీమందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. బోర్డు మీద ఉన్నవన్నీ తుడిచేసి పెద్దక్షరాలతో ఒక్క వాక్యం రాశారు. ఒక మాటకు ఒకటే అర్థం. రీప్లేస్‌ను మా పుస్తకాల నుంచి తీసేశాం. దాని చోట 'పాత ఫిల్టర్ తీసి పారేయండి, కొత్త ఫిల్టర్ పెట్టండి' అన్న అర్థం వచ్చేలా రెండు చిన్న వాక్యాలు వచ్చాయి. వన్స్ పోయి ఆఫ్టర్ వచ్చింది. తీగను లీడ్ అనడం మానేసి కేబుల్ అన్నాం.

అప్పటి నుంచి నా అభిప్రాయం ఇది. అర్థం కాకపోతే తప్పు చదివినవాడిదని చిన్నప్పటి నుంచి మనకు నేర్పారు. ఈ పనిలో అది తల్లకిందులు. అర్థం కాకపోతే తప్పు రాసినవాడిది. ఈ ఒక్కటి నమ్మలేనివాళ్లు వేరే పని చూసుకోవడం మేలు.

శ్రావణి

టీముకు కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు నేనొక చిన్న పరీక్ష పెట్టేదాన్ని. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చడం ఎలాగో ఇంగ్లీషులో రాయమని. చాలామంది గ్యాస్ మానవాళికి చేసిన మేలుతో మొదలుపెట్టేవారు. సిలిండర్ దాకా వచ్చేసరికి పేజీ అయిపోయేది.

సిద్దిపేట వైపు నుంచి వచ్చిన శ్రావణి, పదో తరగతి దాకా తెలుగు మీడియం, మొదటి వాక్యంలోనే స్టవ్ ఆర్పమంది. రెండో వాక్యంలో కిటికీ తెరవమంది. ప్రతి వాక్యంలో ఒకటే పని. స్పెల్లింగులు మాత్రం ఘోరం. పరీక్ష కాగితాలు దిద్దడానికి నాతో పాటు కూర్చున్నతను ఆ కాగితం పక్కన పెట్టేయబోయాడు. "స్పెల్లింగ్ కంప్యూటర్ దిద్దుతుందండీ. ఏది ముందో ఏది తర్వాతో అది దిద్దదు" అని ఆపాను.

చేరిన కొత్తలో ఆ పిల్ల మీటింగుల్లో నోరు తెరిచేది కాదు. ఒకరోజు క్యాంటీన్‌లో అడిగితే చెప్పింది. "మేడం, అందరు మస్తు ఇంగ్లీష్ మాట్లాడుతరు. నేను మాట్లాడితే నవ్వుతరని ఫికర్."

"నీకు అర్థం కాని వాక్యం ఎదురైతే ఏం చేస్తావు?"

"మల్ల మల్ల చదువుత. నాదే తప్పేమో అనుకుంట."

"ఇకనుంచి అలా అనుకోకు. నువ్వు రెండోసారి చదవాల్సి వచ్చిన ప్రతి వాక్యం కింద గీత గీసి నాకు తెచ్చివ్వు. నీకు జీతం ఇచ్చేది దానికే."

మొదటి వారం తెచ్చిన కాగితాలు చూస్తే గీతలే గీతలు. అందులో చాలా నేను రాసినవే. ఒక్కొక్కటీ చూశాను, గీసిన చోటల్లా నిజంగానే ముడి ఉంది. నాకు అలవాటైపోయి కనపడని ముడులు అవి. ఏడాది తిరిగేలోపు ఏ మీటింగులోనైనా అందరూ తలాడిస్తున్నప్పుడు "ఒక్క నిమిషం, నాకు సమజ్ కాలే" అనే గొంతు ఆ పిల్లదే అయింది. ఆ మాట ఇంగ్లీషులో కూడా జంకకుండా అనడం నేర్చుకుంది.

ఇప్పుడు కంప్యూటరే క్షణాల్లో పేజీలకు పేజీలు రాసిస్తోంది, మా పని ఉంటుందా అని కొత్తవాళ్లు బెంగపడుతున్నారు. నున్నగా రాయడం ఎప్పుడూ మన పని కాదు. చదివే మనిషి పక్కన నిలబడి ఎక్కడ ఆగాడో చూడటం మన పని. అది చేసేవాళ్లకు పని ఉంటుందనే నా నమ్మకం.

తెలుగు తెర

ఇంగ్లీషు వాక్యాలు చిన్నవయ్యాక ఒక లాభం కలిసివచ్చింది. వాటిని వేరే భాషల్లోకి మార్చడం తేలికైంది. నేను రిటైరవడానికి కొంత ముందు పీటర్ వాళ్లు పంపు తెర మీద తెలుగు కూడా పెడదామన్నారు. రోగి పక్కన ఉండేవాళ్లు యంత్రం మోగగానే కంగారుపడి ఏదో ఒకటి నొక్కేస్తున్నారట. వాళ్లు నర్సును పిలిస్తే చాలు.

అనువాదం బయటి సంస్థకు ఇచ్చారు. వచ్చింది చూసి నేను తల పట్టుకున్నాను. 'ఔషధ ద్రావణము కనిష్ఠ పరిమాణమునకు చేరుకొనుచున్నది. తక్షణమే శుశ్రూషకురాలిని సంప్రదించవలెను.' సుజాతకు చూపిస్తే, "శుశ్రూషకురాలంటే నేనేనా అక్కా?" అంది.

ఇంగ్లీషులో వదిలించుకున్న రోగమే తెలుగులో తగులుకుంది. నేను కూర్చుని తిరగరాశాను. 'మందు అయిపోవచ్చింది. నర్సును పిలవండి.' నాకు చాలా నచ్చింది. శ్రావణి దాన్ని రెండోసారి చదవడం చూశాను.

"ఏంటి?"

"మేడం, మా అమ్మ గిది చదివితే 'అయిపోవచ్చు' అనుకుంటది. అయిపోతదో లేదో అని చూసుకుంట కూసుంటది."

"అయిపోవచ్చింది అంటే తెలియదా? మా ఇళ్లలో రోజూ అనే మాటే కదే."

"మీ ఇళ్లల్ల అంటరు మేడం. మా దిక్కు అందరు అనరు."

కాసేపు వాదించుకున్నాం. తర్వాత ఆ పిల్ల కలం తీసుకుని రాసింది. 'మందు కొంచెమే ఉంది. నర్సును పిలవండి.' అందులో ఎవరి ఊరూ లేదు, అందరి ఊరూ ఉంది. అదే ఉంచాం.

సుజాత పనిచేసే ఆసుపత్రిలో మొదట పెట్టి చూశారు. ఎలా ఉందో చూద్దామని నేనూ శ్రావణీ ఒక మధ్యాహ్నం వెళ్లి వార్డులో ఒక పక్కగా నిలబడ్డాం. ఒక మంచం దగ్గర బాలానగర్ వర్క్‌షాపులో పనిచేసే మనిషి పడుకుని ఉన్నాడు. భార్య పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పంపు కీచుమంది. ఆమె ఉలిక్కిపడి లేచి, తెర దగ్గరికి వెళ్లి, అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. నా పక్కన శ్రావణి కూడా పెదవులు కదుపుతూ ఆ అక్షరాలు చదివింది.

ఆమె ఏ బటనూ ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి గట్టిగా పిలిచింది. "సిస్టరమ్మా! మందు కొంచెమే ఉన్నదంట, జర రా!"

సుజాత వచ్చి సీసా మార్చింది. మోత ఆగింది. ఆ రోగి భార్య మా వైపు చూసి, "ఇంతకుముందు గది మొత్తుకుంటె ఈయన పానానికే ఏమో అయిందని గుండె జారేది. మీరు డాక్టర్లా అమ్మా?" అంది.

"కాదు. ఆ మాటలు రాసింది నేను" అంది శ్రావణి, సిగ్గుపడుతూ.

"మంచిగ రాసినవ్ బిడ్డా" అంటూ ఆమె, కొత్తగా వచ్చి పక్క మంచం దగ్గర కూర్చున్న ఇంకొకావిడను చెయ్యి పట్టి లేవదీసింది. తన భర్త మంచం పక్కనున్న యంత్రం ముందుకు తీసుకొచ్చి నిలబెట్టింది. "ఇటు చూడు వదినా, గిది మోగితె భయపడకు. ఈడ తెలుగుల రాసొస్తది. చదువు, సిస్టర్‌ని పిలువు, గంతే" అని ఆమెకు నేర్పడం మొదలుపెట్టింది.